సైలెన్స్! అమ్మాయి సినిమా చదువుతోంది

బ్రిటన్‌లో పదహారేళ్ల పిల్లలు రాసే జీసీఎస్ఈలో మీడియా స్టడీస్ అని ఒక సబ్జెక్టు ఉంది. అందులో ఓసీఆర్ అనే పరీక్షల బోర్డు కొన్నేళ్లపాటు యాక్షన్ అడ్వెంచర్ సినిమాల మీద పరీక్ష పెట్టింది. ఈ సంగతి వింటే మన తెలుగు తండ్రుల్లో సగం మందికి గుండె జారుతుంది, మిగతా సగం మందికి ఇంత చదువు చదివీ సర్టిఫికెట్ లేకుండా మిగిలిపోయామే అని కడుపు మండుతుంది. నాది రెండో బ్యాచ్. పరీక్ష హాల్లో సినిమా ముక్క వేసేవారట, అదీ ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. మా రోజుల్లో ఒకే సినిమా మళ్లీ మళ్లీ చూసినవాడికి మార్కులు వీపు మీద పడేవి.

అసలు చిక్కేమిటంటే, మన లెక్కలో చదువంటే పిల్లలకు ఏడుపు రావాలి, చూసేవాళ్లకు ఆవులింత రావాలి. నవ్వుతూ చదువుతున్నారంటే అది చదువు కాదు. అక్కడి వార్తాపత్రికలు కూడా మీడియా స్టడీస్‌ని మిక్కీ మౌస్ చదువని వెక్కిరిస్తూనే ఉంటాయి కానీ, వెక్కిరించి ఊరుకుంటాయి. మనవాళ్లు అలా ఊరుకునే రకం కాదు, దాన్ని కూడా ఎంసెట్ చేసి పారేశారు.

ఆ టాపిక్ ఉన్న రోజుల్లో లండన్ దగ్గర స్లౌలోని ఒక తెలుగింట్లో రివిజన్ ఎలా జరిగేదో నేను కళ్లారా చూశాను. లాప్‌టాప్‌లో 1981 నాటి స్పీల్‌బర్గ్ సినిమా, అదే, గుహలో హీరో వెనకాల బండరాయి దొర్లుకుంటూ వచ్చేది. అమ్మాయి స్పేస్ బార్ మీద వేలు పెట్టుకుని కూర్చుంది, పక్కన తండ్రి పెన్నూ పుస్తకంతో కట్‌లు, అంటే షాట్ ఎన్నిసార్లు మారిందో, లెక్కపెడుతున్నాడు. రాయి కదలగానే "ఆపు! కెమెరా కిందనుంచి చూస్తోందా, లో యాంగిలా, కాదా? రాసుకో" అంటాడు. హీరో ఒక కాలు గాల్లో పెట్టుకుని, నోరు తెరుచుకుని అలాగే నిలబడి ఉన్నాడు పాపం. ఆ వేగంతో పోతే దీపావళి దాకా రాయి అతన్ని అందుకునేలా లేదు. ఇంతలో గుంటూరు నుంచి ఫోన్. "ఏంటి వదినా ఆ అరుపులు?" "అమ్మాయి చదువుకుంటోంది వదినా, టెన్షన్‌లో ఉంది, మళ్లీ చేస్తా."

"నాన్‌డైజెటిక్ సౌండ్ అంటే?" అన్నాడు తండ్రి. "సినిమాలో ఉన్నవాళ్లకి వినపడనిది నాన్నా." వంటింట్లోంచి తల్లి, "అయితే ఈ ఇంట్లో నేను మాట్లాడేదంతా అదే" అంది. ఆ మాటా ఎవరికీ వినపడలేదు.

ఇక ప్రాప్ సంగతి. వ్లదీమిర్ ప్రాప్ అనే రష్యన్ పండితుడు 1928లో జానపద కథల్ని కూలంకషంగా చదివి, కథ ఏదైనా జరిగే పనులు 31, పాత్రలు 7 అని తేల్చాడు. పిల్లలు దాన్ని బట్టీ కొట్టి చస్తుంటారు కానీ, మనవాళ్లకి 1951లోనే విజయా వారు పాతాళభైరవితో ట్యూషన్ చెప్పేశారు. తోటరాముడు హీరో, మాంత్రికుడు విలన్, అంజి సహాయకుడు, రాకుమారి ఉండనే ఉంది, నా అంత సంపద తెస్తేనే పిల్లనిస్తానని హీరోని ఊరి మీదికి తోలే రాజుగారు ఉన్నారు, రాకుమారి తనదేననుకుని తిరిగే దొంగ హీరో రేలంగి ఉన్నాడు. కోరింది ఇచ్చే దాత కావాలా, సాక్షాత్తూ అమ్మవారే. ఏడుకి ఏడు! ఈ లెక్కన నేల టికెట్ కొనుక్కుని చూసిన మా తాతకి డిస్టింక్షన్ బాకీ ఉంది, బోర్డు వారు ఆలోచించాలి.

తండ్రి ఈ ముక్క విని పొంగిపోయాడు. ఆ పొంగు చివరి ప్రశ్న దాకానే. మగవాళ్లనీ ఆడవాళ్లనీ ఎలా చూపించారో రాయాలి. అమ్మాయి లారా మల్వీ అనే సినిమా సిద్ధాంతకర్త 1975లో రాసిన వ్యాసం పట్టుకుంది: కెమెరా మగవాడి కన్నుతో చూస్తుందనీ, హీరోయిన్ చూడబడటానికే ఉంటుందనీ. ఇంగ్లీషు సినిమాల మీద చెప్పినంత సేపూ తండ్రి "కరెక్టమ్మా, వెరీ గుడ్" అంటూనే ఉన్నాడు. తర్వాత ఆ పిల్ల గోడ మీద నాన్నగారి అభిమాన హీరో పోస్టర్ చూసి, "మరి ఈయన సినిమాల్లో హీరోయిన్‌కి పాటలు తప్ప పనేముంది? ఆవిడ వద్దంటున్నా వెంటపడటం ప్రేమెలా అవుతుంది?" అంది. ఇల్లంతా నిశ్శబ్దం. పుస్తకం మూసేసి తండ్రి, "అది సిలబస్‌లో లేదు" అన్నాడు.

ఆగస్టులో రిజల్ట్ వచ్చింది. మీడియాలో ఎ స్టార్, అప్పట్లో అన్నిటికన్నా పై గ్రేడు. స్వీట్లు పంచారు, వాట్సాప్‌లో పెట్టారు, గుంటూరు నుంచి వదినగారు కూడా ఫోన్ చేసి మెచ్చుకుంది. ఎ లెవెల్స్‌కి, అంటే అక్కడి ఇంటర్‌కి, మ్యాథ్స్, కెమిస్ట్రీ, బయాలజీ. ఫారం జనవరిలోనే నింపేశారట, తండ్రి చేతి రాతతో.