స్కాలర్‌షిప్ వచ్చింది, అప్పు ఎంత కావాలి?

తెలుగు పిల్లల ప్రతిభను ప్రపంచం కాస్త ఆలస్యంగా గుర్తించినా, గుర్తించాక మాత్రం మొహమాటపడటం లేదు. బ్రిటన్‌లో ఓ మోస్తరు యూనివర్సిటీకి ఎమ్మెస్సీ డేటా సైన్స్ కోసం అప్లై చేసిన కుర్రాడికి అడ్మిషన్ లెటర్ వెనకాలే స్కాలర్‌షిప్ లెటర్ కూడా వచ్చేస్తోంది. వాడు అడగలేదు. వ్యాసం రాయలేదు. ఇంటర్వ్యూ జరగలేదు. బ్యాక్‌లాగులు తీర్చుకోవడానికి బీటెక్‌లో పట్టిన అదనపు ఏడాదిని కూడా వాళ్లు పెద్దమనసుతో పక్కన పెట్టేశారు. 'మీ అసాధారణ విద్యా ప్రతిభకు గుర్తింపుగా' 3,000 పౌండ్లు. ఫీజు 19,000 పౌండ్లు. మిగతా 16,000 పౌండ్ల ప్రతిభను నాన్నగారి రెండెకరాలు చూపించాలి.

దీన్ని డిస్కౌంట్ అంటారని గిట్టనివాళ్లు కొందరు ప్రచారం చేస్తున్నారు. ఆషాఢంలో చీర రేటు పెంచి, పెంచిన దాంట్లోంచి తగ్గించి అమ్మినట్టే ఇదీ అని వాళ్ల వాదన. ఇందులో పస లేదు. ఆషాఢం సేల్‌లో చీర కొన్నావిడ ఫొటోతో ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టిన దాఖలా ఉందా? ఇక్కడ కడుతున్నారు. 'విదేశీ విశ్వవిద్యాలయ స్కాలర్‌షిప్ సాధించిన మన ఊరి ముద్దుబిడ్డ' అని పెద్దక్షరాలు. మధ్యలో సూటు వేసుకున్న కుర్రాడు. సూటు ఫొటో స్టూడియోవాడి కంప్యూటర్‌లోది, మెడ దగ్గర అతుకు కనిపిస్తుంది. కింద మాజీ ఎంపీటీసీ నుంచి యువజన సంఘం కోశాధికారి దాకా ముఖాలు. డిస్కౌంట్‌కి ఇంత మర్యాద ఎక్కడైనా దక్కుతుందా?

అలాంటి లెటర్ ఒకదాన్ని దగ్గరగా చూసే భాగ్యం నాకు కలిగింది. పైన బంగారు రంగు ముద్ర. 'గ్లోబల్', 'ఎక్సలెన్స్', 'ఫ్యూచర్ లీడర్' అనే మూడు మాటల్లో ఏవో రెండు కలిపి అవార్డుకు పేరు. కింద, చదవాలంటే కళ్లజోడు మార్చుకోవాల్సిన సైజులో, 30వ తేదీలోగా డిపాజిట్ కట్టకపోతే అవార్డు రద్దవుతుందని ఒక వాక్యం. అంటే కుర్రాడి అసాధారణ ప్రతిభ నెలాఖరు దాకానే ఉంటుంది. ఒకటో తారీఖు పొద్దున లేచేసరికి వాడు మళ్లీ మామూలు మనిషి. వాట్సాప్ గ్రూపులో చూస్తే అదే కన్సల్టెన్సీ నుంచి వెళ్తున్నవాళ్లందరికీ అదే లెటర్, అదే మొత్తం, పేరొక్కటే తేడా. ఇంతమంది అసాధారణులు ఒకే జిరాక్స్ షాపు పైన, ఒకే ఏసీ గదిలో పోగవడం మామూలు విషయమా?

కన్సల్టెన్సీల సేవ గురించి రెండు మాటలు చెప్పకపోతే కృతఘ్నత అవుతుంది. "మీ దగ్గర ఒక్క రూపాయి తీసుకోం సార్" అంటారు. నిజమే, తీసుకోరు. పిల్లవాడు కట్టే ఫీజులోంచి యూనివర్సిటీయే వాళ్లకు కమీషన్ పంపుతుంది. ఆ లెక్కన ఒక్కో అడ్మిషన్‌కి రెండు స్కాలర్‌షిప్‌లు. ఒకటి పిల్లవాడికి ఫ్లెక్సీ కట్టి చెప్పేది, ఇంకోటి కన్సల్టెన్సీకి చెప్పకుండా అందేది. రెండోదే పెద్దదైతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

అందుకు ప్రతిఫలంగా వాళ్లు ఎస్‌ఓపీ, అంటే ఈ చదువు ఎందుకో పిల్లవాడు చెప్పుకునే వ్యాసం, రాసిపెడతారు. చిన్నప్పుడు నాన్న కొనిచ్చిన కంప్యూటర్‌ని విప్పి చూసినప్పుడే నా జీవిత లక్ష్యం ఖాయమైపోయిందని అందులో మొదటి వాక్యం. ఆ కంప్యూటర్ ఎవరిదోగానీ, ఇన్నేళ్లుగా ఎన్ని వేలమంది విప్పారో, పాపం. సివిల్ ఇంజినీరింగ్ వాళ్లకు కంప్యూటర్ తీసేసి బ్రిడ్జి పెడతారు. రికమండేషన్ లెటర్ వ్యవహారం ఇంకా హుందాగా ఉంటుంది. పిల్లవాడు తన గొప్పతనం గురించి తనే రాసుకుని, ప్రింట్ తీసుకుని, హెచ్‌ఓడీ సార్ గది ముందు నిలబడతాడు. సార్ చదవకుండా సంతకం పెట్టి, "పంపేముందు ఒకసారి చదువుకోవయ్యా, తప్పులుంటాయి" అని సలహా ఇస్తారు.

స్కాలర్‌షిప్ వచ్చిందన్న శుభవార్త బ్యాంకు మేనేజర్‌కి చెబితే ఆయన మనసారా అభినందించి, పొలం పాస్‌బుక్ తెచ్చారా అని అడుగుతాడు. ఈ విషయంలో టాటాలది మరీ పాతకాలపు పద్ధతి. 1892లో జంషెడ్జీ టాటా పెట్టిన ఎండోమెంట్ పైచదువులకు డబ్బిస్తూ, దానికి 'లోన్ స్కాలర్‌షిప్' అని ఉన్నదున్నట్టు పేరు పెట్టింది. తర్వాత రాష్ట్రపతి అయిన కె.ఆర్. నారాయణన్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదివింది ఆ సాయంతోనే. అప్పును అప్పు అని చెప్పి ఇచ్చేవాళ్లకు మార్కెటింగ్ ఏం తెలుస్తుంది?

అయినా మనకు తిరిగి కట్టనక్కర్లేని స్కాలర్‌షిప్ ఒకటి ఎప్పటినుంచో ఉండగా ఇవన్నీ ఎందుకు? మామగారి ఫెలోషిప్. దీనికి ఘనమైన చరిత్ర ఉంది. శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1920ల్లో బోస్టన్ చేరడం వెనక కాకినాడ సత్యలింగ నాయకర్ ఛారిటీస్‌తో పాటు మామగారి సాయం కూడా ఉంది. హార్వర్డ్‌లో స్కాలర్‌షిప్ దొరక్క ఆయన ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టర్‌గా పనిచేస్తూ చదువుకున్నారు. మామగారి డబ్బు, రాత్రి డ్యూటీ, ఈ రెండు సంప్రదాయాలనూ మనవాళ్లు భక్తిగా కొనసాగిస్తున్నారు. డ్యూటీ ఆసుపత్రి నుంచి గ్యాస్ స్టేషన్‌కి మారిందంతే. మధ్యలో ఆయన చేసిన పరిశోధన ఒక్కటే ఎందుకో తెగిపోయింది.

ఈ ఫెలోషిప్ మార్గదర్శకాలు ఎక్కడా అచ్చు కాలేదు కానీ అందరికీ కంఠతా వచ్చు. అమెరికా కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం చేతిలో ఉంటే అప్లికేషన్ తీసుకుంటారు, వీసా స్టాంపింగ్ అయితే మొత్తం పెరుగుతుంది. జీఆర్ఈ పరీక్ష అక్కర్లేదు. కులం కాలమ్‌ను మాత్రం ఏ ప్రభుత్వ పథకంలోనూ చూడనంత నిశితంగా, గోత్రంతో సహా చూస్తారు. ఎంపిక సంఘానికి పెళ్లికూతురి మేనమామ అధ్యక్షుడు. ఇంటర్వ్యూలో ఆయన అడిగేవి రెండే ప్రశ్నలు: "బాబు ఉండేది టెక్సాసేనా?", "హెచ్-వన్ వీసా సంగతి ఏమంటున్నారు?" కోర్సు పేరు ఆయన అడగడు, కుర్రాడికీ ఆ టెన్షన్ లేదు. మొదటి వాయిదా నిశ్చితార్థానికి, రెండోది ముహూర్తానికి ముందు. 1961లో వచ్చిన చట్టం ఒకటి ఈ పథకాన్ని నిషేధించింది కాబట్టి రసీదు ఇవ్వరు. అమ్మాయికి కూడా అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చి ఉంటే నిబంధన ఇంకా సులువు. ఆమె ఫీజు కూడా వాళ్ల నాన్నే కడతాడు. ఒకే దాత, ఇద్దరు లబ్ధిదారులు. ప్రపంచంలో ఏ ఫౌండేషనూ ఇంత ఉదారంగా లేదు.

ఇక ప్రభుత్వాలు. 1895లో, తర్వాత సరోజినీ నాయుడుగా పేరొచ్చిన సరోజిని పదహారేళ్ల పిల్లగా ఇంగ్లండ్ వెళ్లింది నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో. ఇప్పుడు నిజాం లేడు, పోర్టల్ ఉంది. తెలంగాణలో అంబేద్కర్, జ్యోతిబా ఫూలే పేర్లతో ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలకు 20 లక్షల దాకా ఇచ్చే విద్యానిధులున్నాయి. ఇది నిజమైన సాయం, వెక్కిరించడానికి మనసొప్పదు. ఆ పని నిబంధనలే చేసిపెట్టాయి. మొదటి వాయిదా రావాలంటే విద్యార్థి ముందు ఆ దేశంలో దిగి, దిగినట్టు కాగితం చూపించాలి. రెండోది మొదటి సెమిస్టర్ మార్కులు చూపించాక. అంటే పేదింటి కుర్రాడు డిపాజిట్, వీసా ఫీజు, మొదటి సెమిస్టర్ ఖర్చు తనే సర్దుకుని, నాకు సాయం అక్కర్లేదని రుజువు చేసుకుంటే అప్పుడు సాయం అందుతుంది. వాళ్లింటి బీరువాలో ఒకే ఫైల్లో రెండు కాగితాలుంటాయి. ఆదాయం లేదని తహసీల్దారు ఇచ్చింది సంక్షేమ శాఖకు, డబ్బుందని బ్యాంకు ఇచ్చింది కాన్సులేట్‌కు. ఒకదాని బదులు ఇంకోటి పట్టుకెళ్లకుండా ఉండటమే ఆ ఇంట్లో అసలైన ప్రవేశ పరీక్ష.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో చిక్కు. అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉండేది, 2022లో జగనన్న విదేశీ విద్యా దీవెన వచ్చింది, 2024లో మళ్లీ అంబేద్కర్ పేరు వచ్చింది. బోర్డు మారేలోపు కోర్సు ముగించుకోవడం విద్యార్థి బాధ్యత.

కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ముఖ్యంగా ఎస్సీ పిల్లల కోసం. 2022లో దానికో కొత్త నిబంధన చేర్చారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, ఇక్కడి సమాజం మీద చదువుతామంటే డబ్బులివ్వరు. మంచిదే. 1913లో బరోడా సంస్థానం నెలకు పదకొండున్నర పౌండ్లు ఇచ్చి అంబేద్కర్‌ను కొలంబియా యూనివర్సిటీకి పంపితే ఆయన ఏం చేశారు? ప్రాచీన భారత వాణిజ్యం మీద రాశారు, 1916లో కులం పుట్టుక మీద సెమినార్‌లో వ్యాసం చదివారు. అప్పట్లోనే ఇలాంటి నిబంధన ఉండి ఉంటే ఏ మెషీన్ లెర్నింగో చేసి న్యూజెర్సీలో హాయిగా సెటిలయ్యేవారు. రాజ్యాంగం సంగతి ఇంకెవరో చూసుకునేవారు. స్కాలర్‌షిప్ షరతు ప్రకారం ఆయన బరోడాలో పదేళ్లు పనిచేయాలి. 1917లో వచ్చారు. ఉండటానికి ఊళ్లో ఎవరూ గది ఇవ్వలేదు. పార్శీ సత్రంలో పార్శీ పేరు చెప్పుకుని ఉంటే, కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. తిరిగి రమ్మనే స్కాలర్‌షిప్‌ల మీద నాకు నవ్వు రాని సందర్భం అదొక్కటే.

మనవాళ్లు తిరిగి రమ్మనే వాటికి భయపడేది మాత్రం అందుకు కాదు. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్‌నే చూడండి. ఫీజు, నెల ఖర్చు, విమానం టికెట్ అన్నీ వాళ్లవే. 2,800 గంటల ఉద్యోగానుభవం కావాలి, నాయకత్వం మీద వ్యాసం రాయాలి, చదువు ముగిశాక సొంత దేశంలో రెండేళ్లుండాలి. నాయకత్వం అంటే క్లాస్ లీడర్‌గా చేయడం తప్ప ఏం రాయాలో తెలియదు సరే, రెండేళ్లు ఇక్కడెందుకుండాలి? అమెరికాలో మాస్టర్స్‌కి ఫుల్‌బ్రైట్-నెహ్రూ వాళ్లు మూడేళ్ల అనుభవం అడిగి, ప్రజారోగ్యం, పట్టణ ప్రణాళిక, పర్యావరణం అంటారు. కంప్యూటర్ సైన్స్ జాబితాలోనే లేదు. కంప్యూటర్ సైన్స్ లేని అమెరికా మనకెందుకు? యూరప్ వాళ్ల ఎరాస్మస్ ముండస్‌లో షరతు లేకపోగా నెలకు 1,400 యూరోలు ఎదురిచ్చి, కనీసం రెండు దేశాల్లో చదివిస్తారు. కానీ ఏ దేశం వెళ్తున్నాడని చుట్టాలడిగితే ఒక్క ముక్కలో చెప్పలేం. పైగా గడువులు చాలావరకు చలికాలంలోనే అయిపోతాయి, మన ఆలోచన వేసవిలో మొదలవుతుంది. వీసా కోసమైతే చిలుకూరులో బాలాజీ ఉన్నాడు, పదకొండు ప్రదక్షిణలు చేసి వస్తే ఆయన చూసుకుంటాడు. ఎస్సే రాసిపెట్టే దేవుడు మన జిల్లాల్లో ఎక్కడా వెలవలేదు.

మా వీధిలో ఒకమ్మాయికి ఈ మధ్య అలాంటిదే, తిరిగి రమ్మనేది, వచ్చింది. మూడేళ్లు జిల్లాలో టీబీ రోగుల మధ్య పనిచేసి, రాత్రుళ్లు కూర్చుని తనే రాసుకుని తెచ్చుకుంది. పూర్తి ఫీజు, నెలనెలా ఖర్చులకు డబ్బు, రానుపోను టికెట్లు. విషయం తెలిసి చుట్టాలు పరామర్శకు వచ్చారు.

"ఒక్క పైసా తీసుకోరా?" వాళ్ల పెద్దమ్మ గొంతు తగ్గించింది. "మంచి కాలేజీ అయితే ఊరికే ఎందుకు చేర్చుకుంటారే?"

"అదేం లేదు పెద్దమ్మా, మంచిదే."

"చదువవగానే వెనక్కి పంపించేస్తారట కదా."

"పంపించేయడం కాదు. నేనే వచ్చి ఇక్కడ పనిచేస్తానని రాసిచ్చా."

పెద్దమ్మ వాళ్లమ్మ వైపు చూసింది. వాళ్లమ్మ కాఫీ గ్లాసుల వైపు చూసింది.

"ఇంతకీ ఏ కన్సల్టెన్సీ వాళ్లు చేశారు?"

"కన్సల్టెన్సీ లేదు పెద్దమ్మా, నేనే అప్లై చేసుకున్నా."

"అదీ సంగతి! నాకు ముందే చెప్పి ఉంటే మా వాడు వెళ్లిన చోటికి తీసుకెళ్లేదాన్ని కదే. వాడికీ స్కాలర్‌షిప్ వచ్చింది, మీ బాబాయి ముప్పై లక్షలు కట్టాడు, ఎవరైనా వెనక్కి రమ్మన్నారా?"