కాలువ నీటికి తేదీ ఉంది, కచేరీకి లేదు

కిందటేడు అక్టోబరులో ఒకరోజు తెల్లవారుజామున అయిదింటికి, అమలాపురంలో మా పక్కింటి మామ్మగారు ఫోనును స్టీలు చెంబుకు ఆనించి కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నారు. అమెరికాలో ఇంజనీరింగ్ చదువుతున్న మనవడు అక్కడి విశ్వవిద్యాలయ సింఫనీ ఆర్కెస్ట్రాలో, అంటే పెద్ద పాశ్చాత్య వాద్యబృందంలో, వయోలా వాయిస్తాడు. అది వయొలిన్ కంటే కాస్త పెద్దది. అక్కడ అప్పుడు రాత్రి ఏడున్నర. అంతమందిలో మనవణ్ణి వెతుక్కుంటూనే, "ఆ పుల్ల పట్టుకున్నాయన ఏమీ వాయించడేం?" అని నన్నడిగారు. చేతి సైగలతో అందరినీ కలిపి నడిపించే కండక్టరు ఆయన అని చెప్పాను గానీ, నా కళ్లు ఫ్రిజ్ తలుపు మీద అంటించిన కాగితం మీదే ఉన్నాయి. వచ్చే ఏప్రిల్ దాకా ఎన్ని కచేరీలు, ఏ తేదీన, ఎవరి రచన అన్నది అందులో వరసగా ఉంది. ఇలా ముందే తేదీలు వేసుకున్న కచేరీల వరసనే వాళ్లు సీజను అంటారు. ఆగస్టులోనే మనవడు పంపాడట.

అలాంటి ఆర్కెస్ట్రాల్లో చాలాచోట్ల భౌతికశాస్త్రం, వైద్యం, కంప్యూటర్లు చదివేవాళ్లే కూర్చుంటారు. ఏడాది మొదట్లో వాయింపించి ఎంపిక చేస్తారు. వారం వారం సాధన ఉంటుంది. హార్వర్డ్ విద్యార్థుల ఆర్కెస్ట్రా తన పుట్టుకను 1808 నాటి ఒక విద్యార్థి సంఘం నుంచి లెక్కపెట్టుకుంటుంది. బీథోవెన్ అయిదో సింఫనీ వియన్నాలో మొదటిసారి వినిపించింది కూడా ఆ ఏడాది డిసెంబరులోనే. ఇన్నేళ్లు నిలబడడానికి డబ్బు ఒక కారణమే, కాదనను. కానీ తేదీ ముందే అచ్చయ్యాక సాధన ఎగ్గొట్టడానికి ఎవరికీ ముఖం చెల్లదు. నాకు పెద్ద కారణం అదే అనిపిస్తుంది.

సీజను అంటే ఏమిటో గోదావరి డెల్టాకు వేరే చెప్పాలా? ధవళేశ్వరం దగ్గర కాలువలకు నీళ్లు ఎప్పుడు వదులుతారో తెలిస్తేనే రైతు నారుమడి సంగతి చూస్తాడు. వేసవిలో కాలువలు కట్టేసే తేదీ కూడా ముందే చెబుతారు. కాకినాడ సరస్వతీ గానసభ లాంటి పాత సభలున్న ప్రాంతమిది. అయినా మన కళాశాలల్లో సంగీతం మాత్రం వానలా ఎప్పుడో వచ్చి వెళ్లిపోతుంది. కిందటి మాఘంలో ఒక కళాశాల విద్యార్థులు వాద్య కచేరీ చేశారని నేను మర్నాడు పేపర్లో చదివాను. ఆ కళాశాల మా ఇంటికి బస్సులో ఇరవై నిమిషాల దూరం.

వాయించేవాళ్లకు కరువు లేదు. వైణికుడు చిట్టిబాబు కాకినాడవారు. ఆయన గురువు ఈమని శంకరశాస్త్రి ద్రాక్షారామంలో పుట్టి, ఢిల్లీలో ఆకాశవాణి జాతీయ వాద్యబృందాన్ని నడిపించారు. మన వాయిద్యాలన్నిటినీ ఒక చేతి కింద కూర్చోబెట్టే ఆ పని 1952లోనే మొదలైంది. ఇక వయోలా అంటారా, కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ దాని మీద కర్ణాటక సంగీతం పలికించారు. ఈ మాట చెబితే మామ్మగారు, "అయితే మావాడిది మనూరి వాయిద్యమే!" అన్నారు.

లేనిది ఏడాది పొడవునా నిలిచే బృందం. విశ్వవిద్యాలయాల యువజనోత్సవాల్లో జానపద వాద్యబృందాలకు పోటీ ఉంది. పిల్లలు నెలరోజులు చెమటోడ్చి తయారవుతారు, కప్పుతోనో కప్పు లేకుండానో తిరిగొస్తారు, చెల్లాచెదురవుతారు. వార్షికోత్సవంలో మళ్లీ స్పీకర్లో ట్రాకు పెట్టి పాడడమే.

పూర్తి సింఫనీ ఆర్కెస్ట్రా కావాలని నేను అడగడం లేదు. 2006లో ముంబైలో పుట్టిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియాలోనే చాలా కుర్చీల్లో విదేశీయులు కూర్చున్నారు. మనకు దగ్గరి దారి వేరే ఉంది: కళాశాలల్లో వయొలిన్, వీణ నేర్చుకునే పిల్లలు, వాళ్లతోపాటు పెళ్లిళ్లలో వాయించే బ్యాండు మేళం వాళ్లు. క్లారినెట్, ట్రంపెట్ మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్నాయి, వాటిని విశ్వవిద్యాలయం గేటు లోపలికి పిలవలేదు, అంతే. గౌరవ వేతనం ఇచ్చి పిలిస్తే పిల్లలకు ఊదడం నేర్పే గురువులూ దొరుకుతారు.

చిక్కులు లేకపోలేదు. వయొలిన్ ఏ శ్రుతికైనా సర్దుకుంటుంది, క్లారినెట్ అలా సర్దుకోదు. గమకాన్ని, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించే తీరును, కాగితం మీద రాసి ఇరవై మంది చేత ఒకేలా వాయించడం ఇంకా కష్టం. అందుకే మొదటి కచేరీకి ముత్తుస్వామి దీక్షితుల నోట్టుస్వరాలు పెట్టుకోవచ్చు. ఇంగ్లీషు బ్యాండు బాణీలు విని శంకరాభరణంలో కట్టిన చిన్న రచనలవి. గమకాల బరువు లేదు, బ్యాండు వాళ్ల చేతికి ఇట్టే ఎక్కుతాయి.

మరి తేదీలు? ఇక్కడ సెమిస్టరు క్యాలెండరు ఒక్కటే చూస్తే సరిపోదు, పంచాంగం కూడా తెరవాలి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం ముహూర్తాలతో బ్యాండు వాళ్లకు ఊపిరి సలపదు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, కళాశాలలు అప్పుడే తెరుచుకుని ఉంటాయి. ధనుర్మాసంలోనూ వాళ్లకు ఖాళీయే, సంక్రాంతికి ఊరికి వచ్చేవాళ్లూ వినొచ్చు. ఈ రెండు తేదీలూ ఉగాదికే అచ్చువేసి కళాశాల గేటు దగ్గరా, బస్టాండులోనూ అంటిస్తే చాలు. ఆషాఢంలో అయితే క్లారినెట్ ఆయన మొదటి రింగుకే ఫోను ఎత్తుతాడు.