రిపోర్టులోని గుణకం

అమెరికాలో మొన్నమొన్నటి వరకు చాలా ల్యాబ్ రిపోర్టులు కిడ్నీ పనితీరుకు రెండు అంకెలు చూపేవి. నల్లజాతివారికి ఒకటి, మిగతా అందరికీ మరొకటి. రక్తంలోని క్రియాటినిన్ (కండ నుంచి పుట్టే వ్యర్థం), వయసు, లింగాన్ని బట్టి ఈజీఎఫ్‌ఆర్‌ను, అంటే కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగపు (జీఎఫ్‌ఆర్) అంచనాను లెక్కగట్టే 2009 నాటి సూత్రం, రోగి నల్లజాతీయుడైతే ఆ ఫలితాన్ని 1.159తో హెచ్చవేసేది. వారికి కండ ఎక్కువ కనుక క్రియాటినిన్ కూడా ఎక్కువే ఉంటుందన్నది చెప్పిన సాకు.

యాభై ఏళ్ల ఇద్దరు మగవాళ్లకు క్రియాటినిన్ 3.4 ఉందనుకుందాం. శ్వేతజాతీయుడికి ఈజీఎఫ్‌ఆర్ 20 వస్తుంది, అది 20 లేదా అంతకంటే తక్కువైతే చోటిచ్చే కిడ్నీ మార్పిడి నిరీక్షణ జాబితాలో అతడి రోజుల లెక్క మొదలవుతుంది. నల్లజాతీయుడికి అదే రక్తంతో 23 వస్తుంది. కిడ్నీ ఇంకా దెబ్బతిని 20కి దిగేదాకా అతడు ఆగాల్సిందే. జబ్బు ఒకటే, వరుస వేరు.

దీన్ని గట్టిగా నిలదీసినవారిలో వైద్య విద్యార్థులు ముందున్నారు. తల్లి నల్లజాతి, తండ్రి శ్వేతజాతి అయిన రోగికి ఏ అంకె వేయాలి? కండను కొలవకుండా రంగు చూసి ఎలా తేలుస్తారు? పాఠం చెప్పే ప్రొఫెసర్ల దగ్గర సరైన జవాబు లేదు. మార్కులు వేసేవారినే ప్రశ్నించడానికి ధైర్యం కావాలి, ఆ పిల్లలకు అది ఉంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రులు 2020లో ఆ గుణకాన్ని తీసేశాయి. 2021లో జాతి ఊసు లేని సూత్రం వచ్చింది. దాని ప్రకారం పై ఇద్దరికీ 21. పాత లెక్కతో నష్టపోయినవారికి నిరీక్షణ మొదలైన తేదీని వెనక్కి జరిపి, కోల్పోయిన రోజులు కలపాలని 2023 నుంచి మార్పిడి కేంద్రాలను ఆదేశించారు. 14 వేలకు పైగా నల్లజాతి రోగులకు ఆ మేలు దక్కింది.

ఇది మనకు సంబంధం లేని గొడవ కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, మందస మండలాల కిడ్నీ రోగులను కొలుస్తున్నదీ ఈ తరహా సూత్రాలతోనే. అవి ప్రధానంగా మనవాళ్ల మీద తయారైనవి కావు. కూలిపనితో బక్కచిక్కి, మాంసం అరుదుగా తినే మనిషిలో క్రియాటినిన్ తక్కువే పుడుతుంది. అందుకే అసలు పనితీరు పడిపోయినా కాగితం మీద అంకె బాగానే కనిపిస్తుంది. ఈ ముప్పు తప్పాలంటే బక్కపలచని రోగులకు కండతో అంతగా ముడిపడని సిస్టాటిన్-సి అనే రక్తపరీక్ష కూడా చేయాలి, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూడాలి, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షించాలి. ఏ సూత్రం వాడారో ప్రతి ల్యాబ్ రిపోర్టు మీదే అచ్చువేయాలి.

పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ఉన్నాయి. అక్కడ కొందరు రోగులకు కిడ్నీలు వడకట్టి బయటికి పంపే ఐయోహెక్సాల్ అనే ద్రవ్యాన్ని ఎక్కించి, గంటల వారీగా రక్తం తీసి అసలు జీఎఫ్‌ఆర్‌ను కొలవాలి. సూత్రం ఎంత తప్పుతోందో దాంతో తేలుతుంది. ఆ పనిలో మన మెడికల్ విద్యార్థులను భాగస్వాములను చేయాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.