సవరణ: సీగల్ ముక్కు మీద ఉన్నది గాయం కాదు

నిన్నటి పోస్టులో హెర్రింగ్ గల్ (సీగల్స్‌లో ఒక రకం) ముక్కు మీది ఎరుపు చేపల వేటలో తగిలిన గాయం అని రాసేశాను, తప్పు. అది ఎదిగిన హెర్రింగ్ గల్స్‌కి మామూలుగా ఉండే మచ్చే. పసుపు ముక్కు కింది భాగంలో, కొనకి కాస్త ఇవతల ఉంటుంది, గూట్లో పిల్ల దాన్ని టకటకా పొడిస్తే తల్లో తండ్రో మింగి తెచ్చిన తిండిని దాని ముందు కక్కుతుంది. దీని మీద ప్రయోగాలు చేసిన శాస్త్రవేత్త నికో టిన్‌బర్గెన్‌కి 1973లో నోబెల్ వచ్చింది (ఈ ఒక్క పనికే కాదులెండి). ఇంకోటి, ఒంటి మీద గోధుమరంగు మచ్చలున్న పక్షులు వేరే జాతి అన్నాను కదా, అవీ ఇవే! పిల్లలకి పెద్దవాటి తెలుపు, బూడిదరంగు పూర్తిగా రావడానికి దాదాపు 4 ఏళ్లు పడుతుంది. ముక్కు చివర వేలాడే నీటి బొట్టు కూడా జలుబు కాదు, కళ్ల పైనున్న గ్రంథులు రక్తంలోంచి తీసేసిన ఉప్పునీరు.