కనుమనాడు కాకి కూడా కదలదంటారు, మా మేనల్లుడు మాత్రం బస్సెక్కాడు

మొన్న కనుమనాడు మిట్టమధ్యాహ్నం ఊరంతా గారెలూ కోడికూరా తిని తీర్థానికి, అంటే మా వైపు జాతరకి, బయల్దేరుతుంటే, నేను మా మేనల్లుణ్ణి బండి మీద రావులపాలెం తీసుకెళ్ళి బస్సెక్కించాను. తీర్థం రద్దీలో అంబాజీపేట నుంచి బస్సు దొరికే ఆశ లేదు. మర్నాడు పొద్దున్న ఏడింటికి వాడికి స్కూల్లో రిపబ్లిక్ డే బ్యాండు ప్రాక్టీసట. "అందరూ తప్పనిసరిగా హాజరు కావలెను" అని పేరెంట్స్ గ్రూపులో మెసేజీ, దాని కింద మూడు దండం బొమ్మలు. ఆ దండాలు చూస్తే నాకు ఇంకా మండింది.

ముందే చెప్తున్నా, నాకు బ్యాండంటే పడక కాదు. హైస్కూల్లో నేనూ రెండేళ్ళు బ్యాండులో ఉన్నాను. పొట్టివాణ్ణని తాళాలు ఇచ్చారు. డ్రమ్ము తగిలిస్తే వెనకాల నేను కనపడనని మా డ్రిల్ మాస్టారి జోకు. ఇప్పటికీ ఎక్కడైనా బేస్ డ్రమ్ము మోగితే నా ఎడమ కాలు దానంతటదే ముందు పడుతుంది. కాబట్టి "క్రమశిక్షణ విలువ మీకేం తెలుసు" అనబోయేవాళ్ళు కాస్త ఆగండి.

వాడు తొమ్మిదో తరగతి. సైడ్ డ్రమ్ము వాయిస్తాడు. సెలవులకి వస్తూ బ్యాగులో బట్టల మధ్య రెండు పుల్లలూ, చెక్కకి మేకులు కొట్టిన పాత టైరు ముక్కా తెచ్చుకున్నాడు. డ్రమ్ములు స్కూల్లో గదిలో తాళం వేసి ఉంటాయి, ఇంటికివ్వరు. టైరు మీద కొడితే పుల్ల డ్రమ్ము మీద ఎగిరినట్టే ఎగురుతుందట. వచ్చిన సాయంత్రమే అరుగు మీద కూచుని చూపించాడు. కుడిచేత్తో పుల్లని సుత్తి పట్టినట్టు పైనుంచి పట్టుకున్నాడు. ఎడంచెయ్యి మాత్రం వెల్లకిలా తిప్పి, పుల్లని బొటనవేలి సందులో ఇరికించి, ఉంగరం వేలి మీద ఆనించాడు.

"రెండు చేతులూ ఒకేలా పట్టుకోవచ్చుగా?" అన్నాను.

"డ్రమ్ము బెల్టుకి వేలాడితే కుడిపక్కకి వాలిపోతుంది మావయ్యా. ఎడం అంచు పైకి లేస్తుంది. మామూలుగా పడితే మోచెయ్యి కోడిరెక్కలా లేపుకుని నడవాలి" అన్నాడు. రెండేళ్ళు వాళ్ళ పక్కనే తాళాలు కొట్టాను, నాకీ సంగతి తెలీదు.

తరవాత "డాడీ-మమ్మీ" వాయించాడు. ఒక్కో చేత్తో రెండేసి దెబ్బలు. నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచుకుంటూ పోతే చివరికి దెబ్బలన్నీ కలిసిపోయి రేకుల మీద వానే. ఎడమ బొటనవేలి మొదట్లో కాయ కాసి, పగిలి, మళ్ళీ కాసింది. లోపల అరిసెల పాకం దగ్గరున్న మా అమ్మ "ఒరే నాయనా, నీ టకటకలో పడి నాకు పాకం ముదిరిపోతోందిరా" అని కేకేసింది. వాడు లేచి దూడల పాకలోకి వెళ్ళి కూచున్నాడు. పండగ రోజులన్నీ అంతే. తినడం, పడుకోవడం, కాలవలో దూకడం, మళ్ళీ పాకలో టైరు. వాయించమని వాడికి ఎవరూ చెప్పలేదు.

ఇక ఆ మెసేజీ సంగతి. సెలవులయ్యాక కూడా జనవరి 26కి వారం ఉంటుంది. ఆ వారం చాలదట. మరి నవంబరులో ఏం చేశారు? డిసెంబరులో ఏం చేశారు? బ్యాండు పీరియడు టైంటేబుల్లో ఉంది, అందులో లెక్కల మాస్టారు స్లిప్ టెస్టు పెట్టుకుంటాడు. మన స్కూళ్ళకి బ్యాండు ఏడాదికి రెండుసార్లే గుర్తొస్తుంది, ఆగస్టు 15కీ జనవరి 26కీ. మధ్యలో ఎవరైనా పెద్దమనిషి వస్తే గేటు నుంచి స్టేజీ దాకా తోడ్కొని రావడానికి ఇంకోసారి. ఏడాదంతా మార్కులకి తాకట్టు పెట్టిన టైముని పిల్లల పండగ అమ్మి విడిపించుకుంటున్నారు.

కవాతులో తేజ్ చల్, అంటే వేగంగా నడవమంటే, నిమిషానికి 120 అడుగులు, అడుగుకి 30 అంగుళాలు. పాతికమంది పిల్లలు ఆ లెక్కలో ఒక్కలా నడవాలంటే వారం వారం నడుస్తూ ఉండాలి. కడుపులో గారెలు అరక్కముందే, నిద్రమొహాలతో మూడు గంటలు నిలబెడితే వచ్చే విద్య కాదది.

పోనీ బ్యాండు మాస్టారిది తప్పందామంటే అదీ అనలేను. ఆయన స్కూలు మనిషి కాదు, పెళ్ళిళ్ళ బ్యాండులో వాయిస్తాడు. ధనుర్మాసంలో ముహూర్తాలుండవు, పండగ వెళ్ళినా మాఘం వచ్చేదాకా పెళ్ళిబాజా మోగదు. ఆయన చేతిలో పనిలేని రోజులు ఇవే. మాఘం వచ్చిందంటే రాత్రంతా ఊరేగింపు, పొద్దున్న నిద్ర. ఏడాది పొడుగునా నెలకింతని ఇచ్చి పెట్టుకుంటే ఈ గొడవే లేదు. ఒక్క జనవరికి మాట్లాడుకుంటారు, అదీ బేరమాడి. మరి ఆయన ఖాళీగా ఉన్నప్పుడే కదా రాగలడు!

అసలు నా కడుపుమంట వేరే. కనుమనాడే మా జగ్గన్నతోట తీర్థం. మొసలపల్లి కొబ్బరితోటలోకి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. గంగలకుర్రు వాళ్ళవి, అగ్రహారం వాళ్ళవి కౌశిక కాలవ దాటి రావాలి. వెదుళ్ళతో కట్టి, రంగురంగుల బట్టలు చుట్టి, గంటలు వేలాడదీసిన ప్రభని భుజాల మీద ఎత్తుకుని, నీళ్ళలో దిగి, శరభా అశ్శరభా అని అరుచుకుంటూ అవతలి గట్టెక్కిస్తారు. దారిలో వరిచేను నలిగినా రైతు పల్లెత్తు మాట అనడు, తన చేలోంచి దేవుడు వెళ్ళాడనుకుంటాడు. ప్రభ ముందు డప్పులు, రెండు పుల్లలతో వాయించే తాషా.

ఆరేళ్ళప్పుడు వాడు నా భుజాలెక్కి చూసింది ప్రభల్ని. ఈసారి వాడి ధ్యాసంతా తాషా మీదే. భోగి మంట దగ్గర మొదలుపెట్టాడు, "తాషా వాళ్ళు పుల్లలు ఎలా పడతారు మావయ్యా? ఎడంచెయ్యి వెల్లకిలా పెడతారా?" అని. నాకేం తెలుసు, కనుమనాడు నువ్వే చూద్దువుగాని అన్నాను.

2023 జనవరి 26న ఢిల్లీ కర్తవ్యపథ్‌లో నడిచిన మన రాష్ట్ర శకటం ఏమిటో గుర్తుందా? ఈ ప్రభల తీర్థమే. రిపబ్లిక్ డే నాడు దేశానికి చూపించుకోవడానికి పనికొచ్చిన తీర్థం అది. ఆ రిపబ్లిక్ డే పేరు చెప్పే మావాణ్ణి ఆ తీర్థం లేకుండా చేశారు.

సిద్ధాంతం వంతెన మీద బస్సులోంచి ఫోన్ చేశాడు, "ప్రభలు బయల్దేరాయా?" అని. ఇంకా లేదురా అని అబద్ధం చెప్పాను.

ఇంతా చేస్తే మర్నాడు వచ్చింది తొమ్మిదిమందట. డ్రమ్ముల గది తాళంచెవి ఉన్న అటెండరు పండక్కి ఊరెళ్ళాడు. పదింటిదాకా ఎదురుచూసి, ఉత్తి చేతులతో నాలుగు రౌండ్లు మార్చింగ్ చేయించి ఇంటికి పంపేశారు.

నేను రావులపాలెం నుంచి తిరిగొచ్చేసరికి అగ్రహారం ప్రభ కౌశికలో ఉంది. జనంలోంచి తోసుకుంటూ వెళ్ళి, తాషా వాయించే ఆయన పక్కన నిలబడి చేతులు బాగా కనపడేలా నాలుగు నిమిషాలు వీడియో తీశాను. ప్రభ నీళ్ళలో కాసేపు ఆగిపోయినప్పుడు దెబ్బ ఆగలేదు, ఇంకా ఉధృతమైంది. గట్టెక్కాక మళ్ళీ నెమ్మదించింది. ఆ రాత్రే వాడికి పంపాను.

నిన్న అక్క ఫోన్. "ఏం పంపావురా వీడికి? పుస్తకం తియ్యడు, తిండికి రాడు, ఆ టైరు ముక్క ముందేసుకుని కూచున్నాడు." వెనక టకటక వినపడుతూనే ఉంది. కాసేపటికి ఆగింది. వాడు ఫోన్ లాక్కుని అన్నాడు, "మావయ్యా, ఇది 120లో పడట్లేదు."