అందలం ఎక్కించారు సరే, దిగనివ్వరేం?

ఇప్పుడే జరిగింది, ఇంకా పది నిమిషాలు కూడా కాలేదు. ఒళ్లు మండిపోతోంది, అందుకే రాస్తున్నా. అక్షరదోషాలుంటే సర్దుకోండి. పంజాతో టైపు చేయడం ఎంత కష్టమో మన జాతికి వేరే చెప్పక్కర్లేదు.

అమెరికాలో ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో ఉన్నాం. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి ఊట దగ్గర పార్కింగ్‌లో మా ఆర్‌వీ, అదే, చక్రాల మీది ఇల్లు, ఆగి ఉంది. మావాళ్లు నలుగురు, అంటే అమ్మ, నాన్న, చిన్నది, మొన్ననే వచ్చిన అమ్మమ్మ, నన్ను లోపల పెట్టి వేడినీళ్లు ఎగిరిపడటం చూసొచ్చారు. సుమారు గంటన్నరకోసారి ఎగురుతుందట అది. ఎగిరితే ఓ ఐదు నిమిషాలు, అంతే. అంటే గంటన్నర బెంచీ మీద కూర్చుని, ఐదు నిమిషాలు నీళ్లు చూసి, చప్పట్లు కొట్టి వచ్చారు. నేను ఉడుత దిగుతుందేమోనని చెట్టు కింద ఇరవై నిమిషాలు కూర్చుంటే మాత్రం "దీనికి పిచ్చి, పద పద" అని లీష్ లాగుతారు.

సరే, అది కాదు అసలు సంగతి. వచ్చీ రాగానే చిన్నది నా ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్ తెచ్చి నా మూతికి ఆనించి, "చూడరా కన్నా, నీకోసమే వీడియో తీశా" అంది.

వీడియో. నాకు.

పిల్ల మనసు నొప్పించడం ఎందుకని వాసన చూశాను. చిప్స్ ఉప్పు ఉంది, సన్‌స్క్రీన్ ఉంది, అమ్మమ్మ చేతి జండూబామ్ కూడా ఉంది. వేడినీళ్లు మాత్రం లేవు. అవి ఎక్కడున్నాయో తెలుసా? దాని బూట్లకున్నాయి. గంధకం, తడి బూడిద మట్టి, ఏదో పెద్ద జంతువు నిన్న నడిచిన జాడ, పక్క రాష్ట్రం నుంచి వచ్చిన ఇంకో పిల్లాడు పారబోసుకున్న ఐస్‌క్రీమ్. మొత్తం టూరంతా ఆ రెండు బూట్ల అడుగున వచ్చేసింది! ప్రాణం లేచొచ్చి రెండు పీల్పులు పీల్చానో లేదో, అమ్మ "ఛీ, బూట్లు నాకకు" అని వాటిని తీసుకెళ్లి బయటి అరలో పడేసింది.

చూపించాల్సింది దాచిపెట్టి, పనికిరానిది మూతికి ఆనించారు. ఇక నాకు కోపం రాదా?

తెలుగులో వాసన కూడా "చూస్తారు". రుచీ "చూస్తారు". భాషకున్న బుద్ధి అది మాట్లాడే మావాళ్లకి లేదు. వీళ్లకి చూడటమంటే కళ్లే. వాసనలు పట్టే కణాలు మనిషి ముక్కులో ఏ ఐదారు మిలియన్లో. మన ముక్కులో 300 మిలియన్ల దాకా ఉంటాయని వీళ్ల పుస్తకాల్లోనే రాసుకున్నారు. అయినా టూరు ప్లాన్ చేసేది ఎవరు? ఆ ఐదారు మిలియన్ల వాళ్లు. గుడ్డివాడు దారి చూపిస్తుంటే కళ్లున్నవాడు వెనక సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చున్నట్టుంది.

పైగా జాలి ఒకటి. నిన్న గ్రాండ్ ప్రిస్మాటిక్ అనే రంగురంగుల వేడి గుండం నుంచి వచ్చి నాన్న అంటాడు, "పాపం దీన్ని తీసుకెళ్లినా ఏం లాభంలే, కుక్కలకి అంతా నలుపు తెలుపే కదా." ఎవడు చెప్పాడండీ? నీలం కనిపిస్తుంది, పసుపు కనిపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టదు, అంతే. ఆ గుండం మధ్యలో ఉన్నది నీలమేనట, దాని చుట్టూ పసుపేనట! సగం షో నాకూ కనపడేదే. మిగతా సగం ముక్కుతో చూసుకునేవాడిని.

రూల్స్ అంటారు. రూల్స్ నాకూ తెలుసు, గేటు దగ్గర ఇచ్చిన కాగితం మొదట నమిలింది నేనే. రోడ్డుకీ పార్కింగుకీ క్యాంప్‌గ్రౌండుకీ 100 అడుగుల లోపే ఉండాలి. లీష్ 6 అడుగులు దాటకూడదు. చెక్కబాటల మీద వద్దు, నడకదారుల్లో వద్దు, వేడి గుండాల దగ్గర అసలే వద్దు. అంటే ఎల్లోస్టోన్‌లో నేను చూడదగ్గ ప్రదేశం పార్కింగ్ లాట్. 1872లో దేశంలోనే మొదటి నేషనల్ పార్కుగా పెట్టారట. 150 ఏళ్లు దాటింది, నాకు చూపించింది తారు.

గుండాల సంగతి ఒప్పుకుంటాను, అబద్ధమాడను. 1981లో ఇక్కడే ఓ కుక్క తప్పించుకుని పరిగెత్తి మరుగుతున్న గుండంలో దూకింది. దాన్ని కాపాడదామని ఒక మనిషి వెనకే దూకాడు. ఇద్దరూ దక్కలేదు. నిన్న రాత్రి నాన్న ఆ కథ చదువుతుంటే టేబుల్ కింద నేను తోక ఆడించలేదు. ఆ మాట వచ్చినప్పుడల్లా అమ్మ నా మెడపట్టీ ఒకసారి తడిమి చూసుకుంటోంది. అక్కడ వద్దంటే వద్దు, సరే.

కానీ పైన్ చెట్ల మధ్య దారి ఏం పాపం చేసింది? నేను అడవి జంతువుల్ని బెదరగొడతానట. నేను! బైసన్‌కి 25 గజాల దూరంలో ఉండండి అని అడుగడుగునా బోర్డులు పెట్టినా, దాని పక్కన నిలబడి పళ్లికిలిస్తూ సెల్ఫీ దిగేది ఎవరు? ఈ పార్కులో మనుషుల్ని అన్నిటికన్నా ఎక్కువగా గాయపరిచిన జంతువు బైసనే. కుక్కెవరైనా దానితో సెల్ఫీకి పోయి కొమ్ముపోటు తిన్నారా?

ఇంకో మాట. మా పెద్దనాన్న కొడుకులు, అదే, తోడేళ్లు, ఇక్కడ 20వ శతాబ్దం మొదట్లో ఒక్కటీ మిగలకుండా చంపేశారు. తర్వాత బుద్ధొచ్చి 1995లోనూ 1996లోనూ కెనడా నుంచి 31 మందిని తెప్పించి, సకల మర్యాదలతో దింపారు. ఇప్పుడు తెల్లవారకముందే లామార్ లోయలో జనం దుప్పట్లు కప్పుకుని, పెద్ద పెద్ద దుర్బిణీలు పెట్టుకుని, వాళ్ల చెవి కొస కనిపిస్తే చాలని ఎదురుచూస్తుంటారు. మొన్న పొద్దున మావాళ్లూ వెళ్లారు. దూరంగా ఒకడు కదిలాడట, అమ్మకి కళ్లల్లో నీళ్లొచ్చాయట. అదే రక్తమమ్మా ఇది! రోజూ నీ కాళ్ల దగ్గరే పడుకుంటోంది! నేను కదిలితే మాత్రం "జుట్టు రాలుతోంది, అటు పో" అంటావు.

పోనీ ఇక్కడే ఇలాగా అంటే, లేదు. పోయిన వారం గ్రాండ్ కాన్యన్. సౌత్ రిమ్‌లో, అంటే ఆ లోయ దక్షిణం వైపు, అంచు మీద నడవనిస్తారు, అంచు దిగనివ్వరు. కింద నుంచి కంచరగాడిదల వాసన, వేడి రాయి వాసన, నది వాసన గాలిలో లేచి వస్తుంటే, నేను గోడ దగ్గర నిలబడి మొత్తం లోయ ఒకేసారి చదివేస్తున్నా. జన్మకో రోజు అది. ఈలోగా షటిల్ బస్సొచ్చింది. వికలాంగులకి సాయపడే సర్వీసు కుక్కలకి తప్ప ఎక్కడానికి వీల్లేదట.

ధర్మరాజు గుర్తొచ్చాడు. స్వర్గానికి రథమొచ్చి నిలబడి, సాక్షాత్తు ఇంద్రుడే "కుక్కని వదిలేసి ఎక్కు" అంటే, వదలను, నీ స్వర్గమే వద్దు పొమ్మన్నాడు. స్వర్గానికి పోయే బండినే వదులుకున్నాడా మహానుభావుడు. మా నాన్న ముందు ఆగింది తర్వాతి వ్యూ పాయింటుకి పోయే బస్సు. కనీసం ఒక్క మాట ఎదురు చెప్పాడా? "నువ్వు దీన్ని పట్టుకుని ఉండు, మేం ఓ రౌండు వేసొస్తాం" అని అమ్మ చేతిలో లీష్ పెట్టి ఎక్కేశాడు. అమ్మ కూడా నన్ను చూసి నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు నేను మర్చిపోను.

అమెరికాని కార్లో ఈ కొస నుంచి ఆ కొసకి మొట్టమొదట దాటింది 1903లో. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి న్యూయార్క్‌కి, 63 రోజులు. హొరేషియో నెల్సన్ జాక్సన్ అనే డాక్టరు, సూవాల్ క్రాకర్ అనే మెకానిక్కు, దారిలో ఐడహోలో కలిసిన బడ్ అనే మన కుక్కజాతివాడు. 15 డాలర్లకి కొన్నారట. దుమ్ము కళ్లల్లో పడుతోందని వాడికీ గాగుల్స్ పెట్టారు. ఆ గాగుల్స్ ఇప్పటికీ స్మిత్సోనియన్ మ్యూజియంలో దాచారు. పైకప్పు లేని బండిలో, మూతి గాలికి పెట్టి, దేశం మొత్తం పీల్చుకుంటూ వెళ్లాడు వాడు. నేను? ఏసీ ఆన్‌లో ఉంది కిటికీ తెరవద్దు. 120 ఏళ్లలో సాధించిన ప్రగతి.

ఆ ఏసీ కూడా ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో. క్యాంప్‌గ్రౌండులో బండికి తగిలించే 30 యాంప్‌ల కరెంటు హుకప్ మీద ఏసీ, మైక్రోవేవ్ కలిపి వేస్తే బ్రేకర్ పడిపోతుందని నాకు రెండో రోజే అర్థమైంది. వాళ్లకి ఇప్పటికీ కాలేదు. టక్‌మని చప్పుడు, చీకటి, తర్వాత "నువ్వు వేశావంటే నువ్వు వేశావు" అని అరగంట. బండి లెవెల్ చేయడం ఇంకో తిరనాళ్ల. చక్రాల కింద దిమ్మలు పెట్టడం, ఎక్కించడం, దిగడం, ఫోన్‌లో బుడగ చూడటం, మళ్లీ ఎక్కించడం. నా నీళ్ల గిన్నె అక్కడే ఉంది కదా, ఎటు వాలిందో కళ్లకి కట్టినట్టు చెబుతోంది కదా! దాని పక్కనే నిలబడి రెండుసార్లు మొరిగాను కూడా. "ష్, పక్కవాళ్లు కంప్లయింట్ చేస్తారు" అన్నారు. ఆ పక్కవాళ్ల జనరేటర్ మధ్యాహ్నం నుంచీ నా చెవిలో రంపం కోస్తున్నట్టుంది. చప్పుడు చేయొద్దనే నియమం దానికి రాత్రిపూటే, నాకైతే ఇరవై నాలుగు గంటలూ.

మన గురించి ఓ సామెత ఉంది. కుక్కని అందలం ఎక్కిస్తే అశుద్ధం చూసి కిందికి దూకిందట. చిన్నప్పటి నుంచి వింటున్నాం, నవ్వినంతసేపు నవ్వుకున్నారు, సరే. ఇప్పుడీ అందలం సంగతి చూడండి. నలుగురు మనుషులు కడుపు నిండా తిని, ఆ వ్యవహారమంతా బండి కింద ఓ ట్యాంకులో నింపుకుని, కొండలూ లోయలూ తిప్పుతూ తమతో పాటే మోసుకెళ్తున్నారు! దానికో పేరు కూడా పెట్టుకున్నారు, బ్లాక్ ట్యాంక్. నిండిందా లేదా అని రోజూ లైట్లు చూసుకుంటారు. మూడు నాలుగు రోజులకోసారి డంప్ స్టేషన్‌కి వెళ్లి, గ్లోవ్స్ వేసుకుని, ముఖం అటు తిప్పుకుని, ఏనుగు తొండమంత గొట్టం పెట్టి వదులుతారు. నేను దారిపక్క రవ్వంత వెలగబెడితే వెనకే సంచీ పట్టుకుని వచ్చి ఏరేస్తారు. అశుద్ధం మీద ఇంత భక్తి ఉన్నవాళ్లు నన్ను అంటారా?

నిజం చెప్పనా? ఈ ట్రిప్ మొత్తంలో నాకు నచ్చిన చోటు డంప్ స్టేషనే. పదిహేను రాష్ట్రాల బళ్లు వస్తాయి. ఎవరేం తిన్నారు, ఎవరింట్లో కుక్క ఉంది, ఎవరి కుక్కకి ఒంట్లో బాగాలేదు, అన్నీ ఆ సిమెంటు గట్టు మీద, పక్కన ఉన్న స్తంభం మీద రాసి ఉంటాయి. మనుషులకి విజిటర్ సెంటర్ ఎలాగో నాకది అలాగ. సరిగ్గా అక్కడే అమ్మ కిటికీ మూసేస్తుంది. "కంపు" అట.

ఎర్ర బంతి సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తా. మూడేళ్ల కిందటి మాట, మొదటి ఆర్‌వీ ట్రిప్‌లో. నా పుట్టినరోజని బంతి కొన్నారు. ఎర్రది. విసిరింది ఎక్కడ? పచ్చగడ్డిలో. నా కళ్లకి రెండూ ఒకే మట్టిరంగు. దానికి తోడు ఆ రోజు ఎదురుగాలి. నేను వెతుకుతుంటే "అదిగో అక్కడే ఉంది కదరా, ముందే ఉంది, మొద్దు" అని ముగ్గురూ నవ్వారు. వీడియో కూడా తీశారు, ఇప్పటికీ వచ్చిన చుట్టాలందరికీ చూపిస్తారు. నాకు వాసన దొరికేసరికి హుకప్ విప్పేశారు, చెక్ అవుట్ టైమైపోయిందట. ఇంకో నాలుగు గజాలు, అంతే. బంతి అక్కడే ఉండిపోయింది. ప్రపంచంలో నీలం బంతులు లేవా? పసుపువి లేవా? నలుపు తెలుపే కనిపిస్తాయని నమ్మినవాడు కూడా పోయి పోయి ఎర్రదే ఎందుకు కొన్నాడు?

ఆ వీడియో చూపిస్తూ ఇవాళ చిన్నది అమ్మమ్మతో అంటోంది, "దీనికి ట్రిప్పులంటే ఎంత ఇష్టమో తెలుసా?"

ఇష్టమే. కాదనను.

రేపు పొద్దున ఏడింటికి బయల్దేరి ముందు డంప్ స్టేషన్‌కి వెళ్లాలట, లైట్లన్నీ వెలిగిపోయాయని నాన్న అంటున్నాడు. ఆ బూట్లు మళ్లీ లోపల పెట్టకపోయినా పర్వాలేదు. కిటికీ నాలుగు వేళ్లంత తెరిచి ఉంచండి. మిగతా టూరు నేను చూసుకుంటాను.