తుప్పు పట్టని ప్లేటు గారికి

శ్రీయుత ఎడమకాలి స్టీలు ప్లేటు గారికి, వెంట తెచ్చుకున్న ఎనిమిది స్క్రూలకు నమస్కారం.

గాజువాకలో వానకి బండి జారిన రోజు వచ్చారు. ఎముక అతికి ఆరేళ్లయింది. చుట్టపుచూపుగా వచ్చి ఇల్లరికం ఉండిపోయారు.

మా ఇల్లు బీచ్ రోడ్డుకి రెండు వీధుల వెనక. లోపలుంటారు కాబట్టి ఇక్కడి గాలి సంగతి మీకు తెలీదు. గేటుకి సంక్రాంతికి రంగేస్తే దసరాకి పెచ్చులే. మొన్న గొళ్ళెం తీయబోతే సగం చేతిలోకి ఊడొచ్చింది. ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లో మా ఇంట ఇనుము నిలవదు. మీరు మాత్రం నా ఒంటి ఉప్పునీళ్లలో నానుతూ, తుప్పుని దరిచేరనివ్వని క్రోమియం ఆక్సైడ్ పొర కప్పుకుని, కొత్త పెళ్లికొడుకులా మెరుస్తున్నారట.

మీకు పోటీగా, పని కాగానే ఒంట్లోనే కరిగిపోయే లోహాల కోసం పరిశోధకులు తంటాలు పడుతున్నారు. మా గేటుకి ఎవరూ నేర్పకుండానే వచ్చిన విద్య! చిక్కల్లా వేళ తప్పడమే. ఒంట్లో కరగడానికి ఇనుము మరీ బద్ధకం, మెగ్నీషియం మరీ తొందర, జింకు మధ్యస్థం. 1907లో బెల్జియం డాక్టర్ లాంబోట్ విరిగిన కాలికి మెగ్నీషియం ప్లేటు వేసి, బంగారు పూత ఉక్కు మేకులు కొట్టారు. ఉప్పునీటిలో రెండు లోహాలు పక్కపక్కన పడితే బ్యాటరీయే కదా. ఎనిమిది రోజుల్లో ప్లేటు చెదిరిపోయి, చర్మం కింద గ్యాసు పొంగింది. హైడ్రోజన్! ఇప్పుడు మిశ్రమాలతో, పూతలతో ఆ తొందరకి కళ్లెం వేస్తున్నారు. మెగ్నీషియం స్క్రూలకు 2013లో యూరప్ అనుమతి దొరికింది, వంకరపోయిన కాలి బొటనవేలు సరిచేయడం లాంటి చిన్న పనులకు.

అంటే నా మోకాలి కింద బరువుకి ఇంకా మీరే దిక్కు. ఒప్పుకుంటాను. కాకపోతే మీరు ఎముక కంటే పదింతలు బిర్రు. బరువంతా మీరే మోస్తే ఎముక కూర్చుని తినడం మరిగి పలచబడుతుంది. అల్లుడు సంపాదిస్తుంటే బావమరిది చెడ్డట్టు.

వచ్చే గురువారం మీకు వీడ్కోలు. కోత నాకు, ఖర్చు నాకు, మత్తు కూడా నాకే. తీశాక కవర్లో పెట్టి చేతికిస్తామన్నారు.

గేటు గొళ్ళెం కొలత తీసి ఉంచాను. స్క్రూలు ఎలాగూ మీవే ఉన్నాయి.

ఇట్లు,
ఎడమకాలి ఓనరు